చూద్దామను మాట



మన తెలుగు ఇండ్లలో దినమునకు పదిమారులైనను వినబడు చిన్నమాట యొకటి కలదు. పిల్లవాడు గాలిపటము కావలెనన్నను, ఆడపిల్ల తిరునాళ్ళకు పోదమన్నను, కాదనుటకు మనసొప్పక, ఔననుటకు తీరిక చాలక, పెద్దలు మెల్లగా ‘చూద్దాంలే’ అందురు. ఆ మాట విన్న పిల్లలకు దాని భావము వెంటనే బోధపడును. ఇక ఆ సంగతిని ఎవరును చూడబోరని వారికి తెలియును. కాని ఆ మాటనే పట్టుకొని నిదానముగా ఆలోచించినచో, దానియందు మరియొక అర్థము, అసలైన మొదటి అర్థము, చెక్కుచెదరక నిలిచియున్నది: నీవును నేనును కలిసి కన్నులు విప్పి చూచెదము అని. పిల్లలకు ఇంటిపట్టుననే విజ్ఞానశాస్త్రముపై మక్కువ కలుగుటకు తల్లిదండ్రులు చేయదగినదేమియో చెప్పుడని ఆకాశవాణివారు నన్ను కోరినప్పుడు, నాకు తోచిన సమాధానమంతయు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నట్లు కనబడినది. పిల్లలు ప్రశ్న వేసినపుడు ‘చూద్దాంలే’ అని వాయిదా వేయక, ‘చూద్దాం పద’ అని చేయి పట్టుకొని లేచుట. నేను కోరునది అంతియే.

ఇది పుస్తకములు చదివి చెప్పుచున్న మాట కాదు. నాకెనిమిదేండ్ల ప్రాయమున మా ఊరి బడి యొక తాటాకు పాక. వేసవి సమీపించుసరికి కప్పులోని ఆకు అక్కడక్కడ చివికి చిల్లులు పడెడిది. ఆ చిల్లులగుండ ఎండ దిగి, పేడతో అలికిన నేలమీద వెలుగుబిళ్ళలు పరచినట్లు పడుచుండెడిది. పలకను మోకాళ్ళపై నుంచుకొని నేను ఆ బిళ్ళలనే చూచుచుండెడివాడను. పొద్దెక్కినకొలది అవి మెల్లమెల్లగా జరుగుచు ఒకరి పలకమీదినుండి మరియొకరి పలకమీదికి పోవుచుండుట మాకొక వేడుక. అట్లు చూచుచుండగా ఒకనాడు నాకొక సంగతి తట్టినది. కప్పులోని చిల్లులలో ఒక్కటియు గుండ్రముగా లేదు. ఒకటి నిలువు చీలిక, ఒకటి ముక్కోణము, ఒకటి ఎలుక కొరికినట్లున్న కంత. నేలమీది బిళ్ళలు మాత్రము అన్నియు కాసులవలె గుండ్రములే.

లేచి ఉపాధ్యాయుని అడిగితిని. ఆయన మంచివాడు, నాకు వచ్చిన ఎక్కములన్నియు ఆయన పెట్టిన భిక్షయే. కాని ఆ సమయమున తరగతి పదుమూడవ ఎక్కము ఒప్పగించుచుండెను. ‘ఎండ గుండ్రంగా పడక పలకలు పలకలుగా పడుతుందిరా? కూర్చో’ అనెను. తరగతి నవ్వినది, నేను కూర్చుంటిని. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఐనను ఆ పాకలో నేను మరల ఒక ప్రశ్న వేసిన జ్ఞాపకము నాకు లేదు.

దానికి జవాబు దొరకుటకు ముప్పదిరెండేండ్లు పట్టినది. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నము మన తెలుగుదేశము మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణము పోయినది. హైదరాబాదు చెంత జపాల్-రంగాపూరులో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి వేధశాలయందు శాస్త్రజ్ఞులు దూరదర్శినులు సిద్ధపరచుకొని నిరీక్షించుచుండగా, తక్కిన జనము చాలవరకు తలుపులు బిగించుకొని ఇండ్లలో కూర్చుండెను. నేనప్పుడు విజయవాడలో నుంటిని. అచ్చట గ్రహణము సంపూర్ణము కాకపోయినను సూర్యుడు సన్నని వంకగా మిగిలినాడు. ఎండ వన్నె తగ్గి, వెలుగు వింతగా మారి, కాకులు గూళ్ళకు మరలుచున్న ఆ వేళ, నా చూపు పెరటిలోని వేపచెట్టు నీడమీద పడినది. నిత్యము ఆ నీడలో కనబడు గుండ్రని వెలుగుచుక్కలు నాడు గుండ్రముగా లేవు. వందలకొలది విదియ చంద్రవంకలు, అన్నియు ఒకే దిక్కునకు తిరిగి, నేలమీద పరచుకొని యున్నవి. గాలికి కొమ్మ కదలినపుడెల్ల అవియు కదలుచున్నవి. పెరటిలో నిలుచున్నవాడను నిలుచున్నట్లే ఉండి, తాటాకు పాకను, పదుమూడవ ఎక్కమును జ్ఞప్తికి తెచ్చుకొంటిని. నా చిన్ననాడు నేలమీద నేను చూచినది చిల్లు రూపము కాదు, సూర్యుని రూపము. సన్నని రంధ్రముగుండ వెలుగు తిన్నగా పోవును. సూర్యబింబములోని ప్రతి తావునుండియు వచ్చు కిరణము ఆ రంధ్రమును దాటి తన చోటికి తాను పోయి పడును. కావున దూరముగా నున్న నేలమీద సూర్యుని ప్రతిబింబమే తలక్రిందుగా ఏర్పడును. సూర్యుడు గుండ్రముగా నున్ననాడు గుండ్రము, వంకయైననాడు వంక.

ఆనాడు మా ఉపాధ్యాయునికి ఈ సంగతి తెలియకపోవుట దోషము కాదు. ‘నాకూ తెలియదురా, రేపు పొద్దున్న చూద్దాం’ అని ఆయన అనియుండినచో, ముక్కోణపు చిల్లునకు చేయి అడ్డముపెట్టి, పలకను ఎత్తియు దించియు చూచి, మా తరగతి అంతయు ఒక్క వారములో ఆ గుట్టు కనిపెట్టియుండెడిదని నా నమ్మకము.

ఆ అప్పు నేను మా మనుమరాలికి తీర్చుకొనుచున్నాను. దానికి తొమ్మిదవయేడు నడచుచున్నది. మా ఇంట మేడమెట్లమీద కప్పిన రేకునకు మేకు ఊడిన రంధ్రమొకటి కలదు. దానినుండి దిగిన ఎండ మెట్లమీద చుక్కగా పడుచుండగా చూచి, ఆ పిల్ల యొకనాడు, ‘పైన చిల్లు బియ్యపుగింజంత ఉంటే కింద చుక్క ఇంత పెద్దదెందుకైంది తాతయ్యా?’ అని అడిగినది. జవాబు నా నోటిదాక వచ్చినది. వచ్చిన జవాబును మింగుట పెద్దవారికి ఎంత కష్టమో ఆనాడు నాకు తెలిసినది. ‘చూద్దాం పద’ అంటిని. తెల్లని అట్టముక్క నొకదానిని కిరణమునకు ఎదురుగా పట్టుకొని పిల్ల ఒక్కొక్క మెట్టే ఎక్కసాగినది. రంధ్రమునకు దగ్గరైనకొలది చుక్క చిన్నదగుచు, వెలుగు చిక్కనగుచు వచ్చినది. మరల దిగినకొలది పెద్దదై పలుచబడినది. నాయనమ్మ కుట్టుపెట్టెలోని టేపు తెచ్చి కొలిచితిమి. రంధ్రమునకు అట్టకు నడుమ తొమ్మిదడుగులున్నపుడు చుక్క ఇంచుమించు ఒక అంగుళము. నాలుగున్నర అడుగులున్నపుడు అర అంగుళము. తొమ్మిదడుగులనగా 108 అంగుళములు. ఎచ్చట నిలిచినను దూరము వెడల్పునకు దాదాపు 108 రెట్లు వచ్చుచున్నది.

ఇక మిగిలినది ఒక్క భాగహారము. రంధ్రమునకు ఇవతల చుక్కకు ఏ నిష్పత్తి కలదో, అవతల సూర్యునికిని అదే నిష్పత్తి. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నాడని పిల్ల పాఠ్యపుస్తకములోనే కలదు. 108చే భాగించినచో సూర్యుని అడ్డుకొలత 14 లక్షల కిలోమీటర్లకు కొంచెము తక్కువగా తేలినది. అదే పుస్తకమున వెదకి చూచుకొని, సరిపోయినదని తెలిసిన తరువాత, ఆ పిల్ల వీధిలోనికి పరుగెత్తి, కనబడినవారి కెల్ల ‘నాయనమ్మ టేపుతో సూర్యుణ్ణి కొలిచాం’ అని చెప్పివచ్చినది. ఈ 108 చంద్రునికిని దాదాపు చెల్లుచున్నది. అందువలననే చిన్నవాడైన చంద్రుడు అంతటి సూర్యుని సరిగా కప్పగలుగుచున్నాడు. పున్నమినాడు ఒక కన్ను మూసి, చేయి బారచాచి పట్టుకొన్న శనగగింజతో చంద్రుని మొత్తము మరుగుపరచవచ్చును. మీ పిల్లలతో చేయించి చూడుడు, ఊరక చెప్పినచో వారు నమ్మరు. సూర్యుని వైపు మాత్రము సూటిగా చూడనీయరాదు. వీపు సూర్యునికి చూపి, అట్టమీది బింబమును చూచుటయే క్షేమము.

నీడలను గూర్చి యొక మాట చెప్పి ముందునకు పోయెదను. మన రాష్ట్రములు కర్కటరేఖకు దక్షిణమున ఉన్నవి గనుక, మనకు ఏటేట రెండు దినములు మిట్టమధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. పెరటిలో నిలిపిన చెంబు నీడ ఆ క్షణమున చెంబు క్రిందనే దాగును. హైదరాబాదున అది మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున జరుగును. మే నెలలో గడియారము 12 గంటల 12 నిమిషములు చూపు వేళకు. పన్నెండింటికే ఎందుకు కాదని పిల్లలు తప్పక అడుగుదురు. మన గడియారములు హైదరాబాదునకు తూర్పున దూరముగా నున్న 82½ డిగ్రీల రేఖాంశమును అనుసరించి నడచుచున్నవని అట్లసు తెరచి చూపినచో, భూగోళపాఠము దానంతటదే లోపలికి వచ్చును.

తల్లిదండ్రులు తరచుగా చెప్పు సాకు ఒకటి కలదు: ‘మాకు సైన్సు రాదండీ, మేమేం చెబుతాం?’ ఈ మాటకు నాకు పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ మేనమామ జ్ఞప్తికి వచ్చును. బొంబాయిలో తల్లిదండ్రులు లేక మేనమామ ఇంట పెరుగుచున్న ఆ బాలుడు, తన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతుక్రింద పసుపుపచ్చని మచ్చ యున్నదేమని మేనమామను అడిగినాడు. ఆ మేనమామ అమీరుద్దీన్ తయబ్జీ వేటగాడే కాని, ఆ పిచ్చుక జాతి ఆయనకును తెలియదు. తెలియదని ఊరకుండక, పిల్లవాని చేతికి ఉత్తరమిచ్చి, పిట్టతో సహా బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపినాడు. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు దొర ఆ బాలునికి సొరుగు వెంట సొరుగు లాగి, పిట్టల నమూనాలను చూపినాడు. ఆ సొరుగులనుండి భారతదేశ పక్షిశాస్త్రమే నడచి వచ్చినదని చెప్పవచ్చును. తరువాతి కాలమున హైదరాబాదు సంస్థానమునందలి పక్షులను ఊరూర తిరిగి సర్వేక్షణము చేసినవాడు ఆ బాలుడే. మేనమామ చేసిన బోధ ఏమియు లేదు. ‘నాకు తెలియదు, తెలిసినవారి యొద్దకు పో’ అన్నాడు. అంతవరకు చేయలేని తల్లిదండ్రులు ఉందురా?

పెద్దలు తెలియదనుట ఎంత మేలో, వారు తెలుసునని తేల్చివేసినదానిని సైతము మరల చూచుట అంత మేలు. సర్ సి. వి. రామన్ బాల్యము విశాఖపట్టణమున గడచినది, తండ్రి ఏ.వి.ఎన్. కళాశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించెడివాడు. సముద్రము ఎదురుగా నున్న ఊరిలో పెరిగిన ఆయన, 1921లో ఓడమీద మధ్యధరా సముద్రమును దాటుచు, ఆ నీలిమకు కారణమేమియని ఆలోచించినాడు. ఆకాశపు నీలమే నీటియందు ప్రతిఫలించుచున్నదని నోబెల్ బహుమానము పొందిన రేలీ అంతటివాడు అదివరకే చెప్పియుండెను. రామన్ తన వెంటనున్న చిన్న నికోల్ పట్టకమును కంటికి పెట్టుకొని, నీటిమీద ప్రతిఫలించు ఆకాశపు వెలుగును ఆర్పివేసి చూచినాడు. సముద్రము అప్పటికిని నీలముగానే యుండెను. నీటి అణువులే వెలుగును చెదరగొట్టుచున్నవని ఆయన తేల్చినాడు. అటుపిమ్మట ఏడేండ్లకు, 1928 ఫిబ్రవరి 28న, ఆయన పేరిట నిలిచిన కాంతి ఫలితము వెలువడినది; 1930లో నోబెల్ బహుమానము వచ్చినది. సముద్రము నీలముగా ఎందుకున్నదను ప్రశ్న మన తీరమునకు పోయిన ప్రతి పిల్లయు వేయునదే. దానికి మనమిచ్చు జవాబు ఏమియో ఒక్కసారి గుర్తు తెచ్చుకొనుడు.

ఇక ఇంటిలోనికి వత్తము. అంగడిలో రంగుల పెట్టెలలో అమ్మకమునకు వచ్చు శాస్త్రసామగ్రిని నేను నిందింపను, కొనగలవారు కొనవచ్చును. కాని కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివిన అరవింద గుప్తా అగ్గిపుల్లలను, సైకిలు వాల్వుట్యూబు ముక్కలను కలిపి జ్యామితి నేర్పి, పారవేసిన వస్తువులతో వందలకొలది బొమ్మలు చేసి చూపిన దేశమిది. వంటయిల్లు గల ప్రతి ఇంటను ప్రయోగశాల యున్నట్లే. పెండ్లికూతురి పాదములకు పారాణి పెట్టుచున్నపుడు పసుపు సున్నముతో కలిసి ఎఱ్ఱనగుట మనమందరము చూచినదే. దిష్టి తీయు ఎఱ్ఱనీళ్ళును అవియే. ఆ నీళ్ళలో నాలుగు చుక్కల నిమ్మరసము పిండినచో ఎరుపు విరిగి మరల పసుపు వచ్చును. క్షారము, ఆమ్లము అను మాటలు తరగతిలో రాకముందే పిల్లలకు వాని రంగులు తెలిసియుండును. పిమ్మట సబ్బునీరు, చింతపులుసు, వంటసోడా, మజ్జిగ, దేనికి ఏ రంగో వారే ఊహించి, వారే పరీక్షించుకొందురు. శంఖుపుష్పపు రేకులు నానవేసిన నీలపు నీటితో చేసినచో రంగులు ఇంకను ముచ్చటగా మారును.

దీపము దగ్గర మాత్రము కొంతసేపు ఆగవలయును. కమ్మరి ఇంట పుట్టి, పుస్తకములకు అట్టలు కుట్టు పనిలో చేరి, కుట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైన మైకేలు ఫారడే, 1860 సంవత్సరాంతమున క్రిస్మస్ సెలవులలో, లండను నగరమునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పిల్లలను కూర్చుండబెట్టి ఆరు ఉపన్యాసము లిచ్చినాడు. ఆరింటికిని విషయము ఒక్క కొవ్వొత్తి. ఆయన అందు చూపిన అంశములలో పెక్కు మన నాయనమ్మలు నిత్యము చేసినవే యని తెలిసినపుడు నాకు కలిగిన ఆనందము ఇంతంత కాదు. ఆముదపు దీపముమీద పళ్ళెము బోర్లించి కాటుక పట్టుట మనకు తెలియనిదా? ఆ నల్లనిపొడి బొగ్గు. మంటయందు అది ఎఱ్ఱగా కాలి మెరయుచున్నందుననే దీపమునకు ఆ పసుపుపచ్చని వెలుగు. చల్లని పళ్ళెము అడ్డుపెట్టినపుడు కాలుటకు వేడి చాలక అది కాటుకయై అంటుకొనును. వెలుగే కాటుకయని, కాటుకయే వెలుగని పిల్లలు తమ వ్రేలికి అంటిన మసిని చూచుకొనుచు గ్రహించినపుడు వారి ముఖములు చూడవలయును. చల్లని నీరు పోసిన చెంబును మంటకు పైగా క్షణము పట్టినచో అడుగున చెమ్మ పట్టును; నిప్పునుండి నీరు పుట్టినది! కొవ్వొత్తిని ఊది, లేచుచున్న తెల్లని పొగకు వత్తికి అంగుళము పైన అగ్గిపుల్ల చూపినచో, మంట పొగవెంట దిగి వత్తికి అంటుకొనును. కాలుచున్నది వత్తి కాదు, మైనము ఆవిరియై కాలుచున్నదని తెలియుటకు అంతకు మించిన నిదర్శన మేల? ఈ పనులలో పెద్దవారు ప్రక్కనే కూర్చుండవలయునని వేరుగ చెప్పనక్కరలేదు. కూర్చుండుటయే గదా నేను కోరుచున్నది.

తాంబూలపు సున్నమును నీటిలో కలిపి, పేరనిచ్చి, పైతేటను మాత్రము గాజుగ్లాసులోనికి వంచుకొనుడు. కండ్లలో పడకుండ చూచుకొని, లోనికి పీల్చవలదని పిల్లలకు గట్టిగ చెప్పి, బొప్పాయి ఆకుకాడతో ఆ తేటలోనికి మెల్లగా ఊదింపుడు. కొద్దిసేపటిలో నీరు పాలవలె తెల్లబడును. పిమ్మట ఒక సీసాలో కొవ్వొత్తి ముక్కను వెలిగించి మూతపెట్టి, అది ఆరిన తరువాత అందు కొంత తేట పోసి గిలకరింపుడు. అదియు పాలవలె తెల్లబడును. దీపమునుండి వచ్చిన వాయువును, మన ఊపిరినుండి వచ్చిన వాయువును ఒక్కటే. ఫారడే తన ఆరవ ఉపన్యాసమున చెప్పినది ఇదే: కొవ్వొత్తి కాలుటయు, మనము శ్వాసించుటయు ఒక తీరు పనులే యని. ప్రాణమును దీపముతో పోల్చుట మన భాషలో అనాదిగా కలదు. ఆ పోలికలో ఇంత రసాయనశాస్త్రము దాగియున్నదని నేను అరువదేండ్లు నిండిన తరువాత గాజుగ్లాసులో చూచి తెలిసికొంటిని.

పెరుగు కథ మా ఇంట నిరుడు శీతాకాలమున నడచినది. తోడు వేసినను పాలు తోడుకొనుట లేదని నాయనమ్మ విసుగుకొనుచుండగా, మనుమరాలు మూడు గిన్నెలు పెట్టినది: ఒకదానిలో అప్పుడే మరిగి దిగిన పాలు, ఒకదానిలో గోరువెచ్చనివి, మూడవదానిలో చల్లనివి; మూడింటికిని ఒక్కొక్క చెంచా పెరుగు. తెల్లవారి చూడగా నడిమి గిన్నెలో కత్తితో కోయదగిన పెరుగు. మరిగిన పాలు పాలుగానే యుండెను. చల్లనివి అరకొరగా తోడుకొని జారుచుండెను. పెరుగునందు కంటికి కనబడని జీవులున్నవని, అవి పాలలోని చక్కెరను పులుపుగా మార్చుచున్నవని, వేడి మితిమీరినచో చచ్చుననియు, చలికి మందగించుననియు అప్పుడు చెప్పితిని. వారము ముందు చెప్పియుండినచో ఆ మాటలు గోడకు తగిలిన బంతివలె తిరిగి వచ్చియుండును. పిల్ల అంతటితో ఆగక, ‘పెరుగు కావాలంటే పెరుగే వెయ్యాలి కదా, మరి మొట్టమొదటి పెరుగు ఎక్కడిది?’ అని అడిగినది. నేను నోరు తెరచి మూసితిని. జవాబు నాయనమ్మ నుండి వచ్చినది. ఇంట తోడు లేనప్పుడు తన తల్లి పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసెడిదని ఆమెకు జ్ఞప్తికి వచ్చినది. వేసి చూచితిమి. మరునాటికి పలుచగా తోడుకొన్నది. దానినే తోడుగా వేయగా రెండవనాటి పెరుగు చక్కగా కుదిరినది. ఆ జీవులు తొడిమలమీదను ఉన్నవన్నమాట. చదువు రాని తల్లుల చేతిలోని తెలివి చదువుకొనుచున్న పిల్ల ప్రశ్నకు జవాబైన ఆ ఉదయము మా ఇంట పండుగవలె గడచినది.

ఈ సంగతులన్నియు మా మనుమరాలు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనును. అందు నేను పెట్టిన నియమము ఒక్కటే: ముందు ఏమి జరుగునని అనుకొన్నదో వ్రాయవలెను, తరువాత ఏమి జరిగినదో వ్రాయవలెను, మొదటిదానిని చెరపరాదు. ఆ పుస్తకమున తప్పిన ఊహలే ఎక్కువ. తప్పినను అవి స్వయముగా చూచి తెలిసికొన్నవి. అట్లుకాక, కిరణజన్య సంయోగక్రియ యను పెద్దమాటను తప్పులేక ఒప్పచెప్పి, పెరటిలో కుండ బోర్లించిన చోట గడ్డి పాలిపోవుట ఎన్నడును చూడని పిల్లలు మన బడులలో ఎందరో కలరు. వారికి మార్కులు వచ్చుచున్నందున మనకు దిగులు లేదు. నాకు కలదు. నా దిగులు వారు పరీక్షలో తప్పుదురని కాదు, ప్రపంచమున అడుగదగినది ఏమియు లేదని వారు పదేండ్లకే నిశ్చయించుకొందురేమో యని.

ప్రస్తుతము మా ఇంట నడచుచున్నది కరివేపాకు కథ. కుండీలోని కరివేపాకు చెట్టుమీద పిట్టరెట్టవలె నల్లగా తెల్లగా ఒక చిన్నపురుగు కనబడగా, మా కోడలు దానిని దులిపివేయబోయినది. పిల్ల అడ్డుపడినది. ‘ఛీ, పురుగే! పోనీ, చూద్దాంలే’ అని కోడలనగా, ఆ మాటను పిల్ల అక్షరాల పట్టుకొని, కొమ్మతో సహా గాజుసీసాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టినది. పురుగు ఆకులు మేసి మేసి, చర్మములు విడిచి విడిచి, తుదకు ఆకువంటి పచ్చనైనది. పుల్లతో తాకినచో తలవెనుకనుండి నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన చిమ్మును. కొన్నాళ్ళకు మేత మాని, కొమ్మ నెక్కి, నడుమునకు సన్నని దారము కట్టుకొని వ్రేలాడి, ప్యూపాగా మారి, రెండు వారములు నిండకముందే నలుపు పసుపు మచ్చల రెక్కలతో సీతాకోకచిలుకయై బయటికి వచ్చినది. ముందటి దినము ఆ ప్యూపా తిత్తి పలుచబడి, లోపలి రెక్కల రంగులు పైకి కనబడుచుండెను. దులిపివేయబోయిన కోడలే ఆ ఉదయము పొయ్యిమీద పాలు పొంగిపోవుచున్నను సీసా యొద్దనుండి కదలలేదు.

కాని రెండవ పురుగుతో చిక్కు వచ్చినది. మొదటిది పచ్చికొమ్మమీద వ్రేలాడినది, దాని తిత్తి ఆకుపచ్చగా నుండెను. రెండవది సీసాలోని ఎండుపుల్ల నెక్కి వ్రేలాడినది, దాని తిత్తి గోధుమరంగుగా నున్నది. ‘ఏ రంగు కట్టుకోవాలో దానికెలా తెలిసింది తాతయ్యా? కళ్ళతో చూసిందా, కాళ్ళతో తడిమి తెలుసుకుందా?’ అని పిల్ల అడుగుచున్నది. నాకు తెలియదు. తెలియదనియే చెప్పితిని. పచ్చికొమ్మలు మాత్రమే యున్న సీసాలో ఒక పురుగును, ఎండుపుల్లలు మాత్రమే యున్న సీసాలో ఒక పురుగును, నున్నని పచ్చకాగితము చుట్టిన ఎండుపుల్లలుగల సీసాలో మూడవదానిని ఉంచి, దేనికి ఏ రంగు వచ్చునో తన ఊహను పుస్తకమున వ్రాసికొని కూర్చున్నది. నేనీ ఆకాశవాణి కేంద్రమునకు బయలుదేరు వేళకు పచ్చకాగితపు సీసాలోని పురుగు మేత మాని, పుల్ల నెక్కి, నడుమునకు దారము చుట్టుకొనుచుండెను. రాత్రిలోగా చర్మము విడుచునని పిల్ల అనుచున్నది. తాను నిద్రపోయినచో లేపుమని నాయనమ్మకు చెప్పి, నన్ను మాత్రము త్వరగా రమ్మన్నది. అందుచేత సెలవు తీసికొనుచున్నాను.